చేతికి తాలికలు, చెవికి కథ

పిల్లలతో కలిసి ఇంట్లో ఏదైనా తీపి చేయాలని ఉంటుంది. వాళ్ళకి కూర్చోబెట్టి తెలుగు కథలు చదవాలనీ ఉంటుంది. రెండిటికీ విడివిడిగా టైమ్ దొరకదు. వంటింట్లో ఉంటే పుస్తకం పట్టుకోలేం, పుస్తకం పట్టుకుంటే పది నిమిషాలకి పిల్లల చూపు ఫోన్ మీదికి పోతుంది. అందుకే రెండూ ఒకే మధ్యాహ్నం కలిపి పెట్టుకోండి. ఎలాగో వివరంగా చెప్తాను.

ముందు వంట సంగతి. అన్ని తీపి వంటలూ దీనికి కుదరవు. అరిసెలు చేస్తుంటే పాకం దగ్గర నుంచి కళ్ళు తిప్పకూడదు. కాజాలు వేయిస్తూ నూనె మూకుడు పక్కన పిల్లల్ని కూర్చోబెట్టలేం. చేతులకి పని ఉండాలి, చెవులు ఖాళీగా ఉండాలి, పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళ ఒక్కరితో అయిపోవాలి. మన గోదావరి జిల్లాల ఇళ్ళలో అలాంటి వంట పాలతాలికలు. వినాయక చవితికి ఎలాగూ చేసుకుంటాం. ఆ ఒక్క పండక్కే ఎందుకు ఆపాలి?

తాలికలు చేసేటప్పుడు మూడు చోట్ల ఆగాల్సి వస్తుంది. చుట్టేటప్పుడు అరగంట పైనే కూర్చోవాలి. ఉడికేటప్పుడు ఇరవై నిమిషాలు పడుతుంది. బెల్లం కలిపే ముందు చల్లారడానికి ఇంకో ఇరవై నిమిషాలు. మొదటి విరామంలో పెద్దవాళ్ళు చదవాలి, రెండో దాంట్లో పిల్లలు బొమ్మలు చూడాలి, మూడో దాంట్లో పిల్లలే చదవాలి. ఈ వరుస గుర్తుంటే చాలు, మిగతాదంతా సర్దుకుపోతుంది.

శనివారం రాత్రి చేసి పెట్టుకోవాల్సినవి

గ్లాసు బియ్యం కడిగి నానబోయండి. ఐదారుగురు ఉన్న ఇంటికి సరిపోతాయి. సూపర్ మార్కెట్‌లో దొరికే పొడి బియ్యప్పిండితో కూడా చేయొచ్చు గానీ తడిపిండి మెత్తదనం దానికి రాదు. పిల్లల చేతుల్లో పొడిపిండి ముద్ద ఊరికే విరుగుతుంది, విరిగితే విసుగొస్తుంది, విసుగొస్తే కథ కూడా పోతుంది. తడిపిండి చేసుకోవడమే మంచిది.

గుప్పెడు సగ్గుబియ్యం తీసి పెట్టుకోండి. వాటిని ఆదివారం మధ్యాహ్నం గంట ముందు నానేస్తే చాలు. లీటరు పాలు, పావుకిలో బెల్లం, నాలుగు యాలకులు, కొంచెం నెయ్యి, జీడిపప్పు, కొబ్బరి ముక్కలు కావాలి. బెల్లం మరీ తెల్లగా, పసుపుపచ్చగా మెరిసేది కాకుండా ముదురు రంగుది తీసుకోండి. తాలికలకి ఆ రంగే అందం.

పుస్తకం కూడా శనివారమే ఎంచుకోవాలి. ఆదివారం పిండి చేతులతో అలమారా వెతికితే పని జరగదు. వయసుని బట్టి ఎంచుకోండి.

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద బొమ్మ, మళ్ళీమళ్ళీ వచ్చే మాట ఉన్న పుస్తకం కావాలి. ఆ మాట రెండోసారి వచ్చేసరికి పిల్లలు మీకంటే ముందే అనేస్తారు. పుస్తకం లేకపోయినా ఏడు చేపల కథ నోటికి వచ్చి ఉంటే అదే చాలు. ప్రశ్న పిల్లలు అడగాలి, జవాబు మీరు చెప్పాలి. చేప నుంచి చీమ దాకా ఆ వరస సాగినంతసేపూ ఒక్క పిల్లాడూ లేచి వెళ్ళడు.

ఆరేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి పేదరాశి పెద్దమ్మ కథలు, పంచతంత్రం, జంతువుల కథలు బాగుంటాయి. ఆ పైన వయసు వాళ్ళకి కొంచెం పెద్ద కథ తీసుకుని వారానికి ఒక భాగం చదవండి. మంచి పట్టులో ఉన్నప్పుడు ఆపేయండి. వచ్చే ఆదివారం ఏం వండుతారని కాకుండా ఏం చదువుతారని అడుగుతారు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే, మీ ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉందేమో ముందు చూడండి. డెల్టాలో చాలా ఊళ్ళలో ఉన్నాయి. పిల్లల బీరువా తెరవమని అడగాలి, అడక్కపోతే అది మూసే ఉంటుంది. రాజమండ్రి దగ్గరలో ఉంటే గౌతమీ గ్రంథాలయానికి పిల్లల్ని ఒకసారి వెంటబెట్టుకుని వెళ్ళండి. అన్ని పుస్తకాలు ఒకచోట చూడటమే పిల్లలకి ఒక ఆశ్చర్యం. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలు సభ్యత్వం తీసుకోవడానికి మంచి సమయం. కొనాలంటే సికింద్రాబాదులోని మంచి పుస్తకం వాళ్ళు తక్కువ ధరకి పిల్లల పుస్తకాలు వేస్తారు. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు కూడా ధర తక్కువే, బొమ్మలు బాగుంటాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. వాటిని ఫోన్‌లో చూపించకుండా దగ్గర్లో ఉన్న జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, పక్కన దారంతో కుట్టండి. పిల్లలకి అది తమ సొంత పుస్తకం అవుతుంది. తాతగారి ఇంట్లో అటక మీద పాత చందమామల బైండ్లు ఉంటే దింపండి. 1947లో మొదలైన ఆ పత్రిక దశాబ్దాల పాటు వచ్చింది కాబట్టి చాలా ఇళ్ళలో ఎక్కడో ఒక మూల ఒకటో రెండో ఉంటాయి. కాగితం పెళుసుగా ఉంటుంది, అవి మాత్రం పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉండాలి.

ఇంకో మాట. ముళ్ళపూడి వెంకటరమణ గారు పుట్టింది ధవళేశ్వరంలో, బాపు గారు నరసాపురంలో. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకి బుడుగు చదివేటప్పుడు ఈ సంగతి చెప్పండి. కథ రాసినాయన, బొమ్మలేసినాయన మన బస్సు వెళ్ళే ఊళ్ళవాళ్ళే అని తెలిస్తే పిల్లలు బొమ్మలు మళ్ళీ ఒకసారి వెనక్కి తిప్పి చూస్తారు.

పిండి

ఆదివారం ఉదయం బియ్యం వడకట్టి, పాత పంచె మీద నీడలో పావుగంట ఆరబోయండి. చేత్తో పట్టుకుంటే తడి అంటాలి, నీళ్ళు కారకూడదు. మరకి తీసుకెళ్తే సరే, లేకపోతే మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి పట్టి జల్లించండి. పండగ ముందు రోజుల్లో మర దగ్గర రద్దీ ఉంటుంది, మామూలు ఆదివారం ఆ టెన్షన్ ఉండదు.

పిండిని గ్లాసుతో కొలవండి. గ్లాసు తడిపిండికి ముప్పావు గ్లాసు నీళ్ళు లెక్క. పొడిపిండి అయితే గ్లాసుకి గ్లాసు, ఇంకొంచెం పడుతుంది. నీళ్ళలో చిటికెడు ఉప్పు, చిన్న బెల్లం ముక్క, చెంచా నెయ్యి వేసి మరగనివ్వండి. మంట తగ్గించి పిండి పోసి, గరిటె కాడతో కలిపి, మూతపెట్టి స్టవ్ కట్టేయండి. పది నిమిషాలు ఆ ఆవిరికే వదిలేయాలి. ఇదంతా పెద్దవాళ్ళ పని.

గోరువెచ్చగా ఉన్నప్పుడే చేతికి నెయ్యి రాసుకుని బాగా మర్దించండి. ఎంత మర్దిస్తే తాలిక అంత నున్నగా వస్తుంది. చిన్న ముక్క తీసి అరచేతుల మధ్య చుట్టి చూడండి. పగుళ్ళు వస్తే చెయ్యి తడి చేసుకుని ఇంకొంచెం మర్దించండి. చేతికి అంటుకుంటే చారెడు పిండి చల్లండి. ముద్దని తడిగుడ్డ కప్పి ఉంచాలి. గాలి తగిలితే పైన పొర కట్టి ఎండిపోతుంది.

చుట్టేటప్పుడు కథ

అరుగు మీదో, వసారాలోనో చాప పరవండి. అందరి మధ్యలో పెద్ద పళ్ళెం, దాంట్లో కొంచెం పొడిపిండి చల్లి ఉంచండి. ప్రతివాళ్ళకీ నిమ్మకాయంత ముద్ద ఇవ్వండి. అందరికీ కలిపి ఒకే ముద్ద పెడితే తగువులు తప్పవు.

చదివేవాళ్ళు పిండి ముట్టుకోకూడదు. ఈ నియమం గట్టిగా పెట్టుకోండి. పుస్తకం మీద నెయ్యి మరక పడితే పోదు, లైబ్రరీ పుస్తకమైతే ఇంకా బాధ. ఎవరు చదవాలంటే, ఇంట్లో మామ్మగానీ అమ్మమ్మగానీ తాతయ్యగానీ ఉంటే వాళ్ళని అడగండి. కింద కూర్చోలేని వాళ్ళకి కుర్చీ వేయండి, కళ్ళజోడు ముందే తెచ్చి చేతికివ్వండి. వాళ్ళు మన యాసలోనే చదవాలి. పుస్తకంలో "సరేనండి" అని ఉంటే "ఆయ్, అలాగేనండి" అని చదివినా తప్పు లేదు. ఇంగ్లీషు మీడియం బడిలో రోజంతా గడిపిన పిల్లాడికి ఇంటి మాటలో కథ వినడం చాలా అవసరమని నా నమ్మకం. బడిలో నేర్పే తెలుగు పరీక్షకి పనికొస్తుంది. కోపం, నవ్వు, వెటకారం, బుజ్జగింపు ఇవన్నీ తెలుగులో ఎలా పలుకుతాయో మామ్మ గొంతులోనే వినాలి.

మెల్లగా చదవండి. పేజీ చదివాక పుస్తకం తిప్పి బొమ్మ అందరికీ చూపించాలి. పదహారు పేజీల పుస్తకం ఇలా చదివితే పది నిమిషాలు పడుతుంది. కాబట్టి రెండు మూడు దగ్గర పెట్టుకోండి. లేదా ఒకటే రెండుసార్లు చదవండి. "మళ్ళీ చదువు" అని చిన్నపిల్లలు అడిగితే వేరే పుస్తకం తీయకండి, అదే చదవండి. వాళ్ళకి తర్వాత ఏం వస్తుందో తెలిసి వినడంలోనే సంతోషం.

కథ పట్టులోకి వచ్చేసరికి చేతులు ఆగిపోతాయి. కోతి మొసలి వీపు మీద ఎక్కి నది మధ్యకి వెళ్ళిందనగానే సగం చుట్టిన తాలిక అరచేతిలో అలాగే ఉండిపోతుంది, నోరు తెరుచుకుని వింటారు. "చుట్టండర్రా" అని ఆ క్షణంలో అరవకండి. రెండు తాలికలు తక్కువైతే ఏం కాదు. గండం గడిచాక చేతులు వాటంతటవే కదులుతాయి.

తాలిక పెన్సిల్ కంటే సన్నగా, వేలెడు పొడవు ఉండాలి. పెద్దవాళ్ళకి అది రెండు అరచేతుల మధ్య నిలువుగా రుద్దితే వచ్చేస్తుంది. చిన్నపిల్లలకి పీట మీద పెట్టి వేళ్ళతో దొర్లించడం తేలిక. జంతికల గొట్టంలో పెట్టి నొక్కితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది నిజమే, కానీ ఆ ఐదు నిమిషాల్లో కథ ఎక్కడ చెప్తాం? గొట్టం పండగ రోజుకి ఉంచుకోండి.

పిల్లలు చుట్టినవి ఒకటి లావు, ఒకటి సన్నం వస్తాయి. వాళ్ళ ఎదురుగా వాటిని మళ్ళీ చుట్టకండి. పళ్ళెంలో లావువి ఒక పక్క, సన్నవి ఒక పక్క వేయమనండి, అంతే. పాలల్లో వేసేటప్పుడు లావువి ముందు వేసి, మూడు నాలుగు నిమిషాలయ్యాక సన్నవి వేస్తే అన్నీ సమంగా ఉడుకుతాయి.

అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలుంటే తాలికతో అక్షరాలు చేయించండి. సున్నతో మొదలుపెట్టండి. తాలిక రెండు కొసలూ కలిపి గట్టిగా నొక్కితే సున్న. తర్వాత గ, ర. వీటికి తలకట్టు చిన్న ముక్కతో వేరేగా చేసి, తడివేలితో అతికించాలి. కథలో రాజు ఉంటే ర, గాడిద ఉంటే గ. అలాంటివి నాలుగైదు చాలు, ఎక్కువైతే గిన్నెలో కలిపేటప్పుడు చెదిరిపోతాయి. వాటిని గరిటెలో పెట్టి చివర్లో నెమ్మదిగా పాలల్లోకి జార్చండి. తినేటప్పుడు ఎవరి కప్పులో ఏ అక్షరం వచ్చిందోనని పిల్లలు చేసే సందడి చూడాలి.

ఉడికేటప్పుడు

లీటరు పాలకి రెండు గ్లాసుల నీళ్ళు కలిపి అడుగు మందంగా ఉన్న గిన్నెలో మరిగించండి. మన వైపు గేదె పాలు చిక్కగా ఉంటాయి, నీళ్ళు లేకపోతే అడుగంటుతాయి. నానిన సగ్గుబియ్యం ముందు వేసి పది నిమిషాలు ఉడకనివ్వండి. అవి కొంచెం పారదర్శకంగా మారాక తాలికలు గుప్పెడు గుప్పెడుగా, పాలు మరుగుతుండగా వేయాలి. వేసిన వెంటనే గరిటె పెట్టకండి. మూడు నిమిషాలు ఆగితే తాలిక గట్టిపడుతుంది. తర్వాత గరిటెని అంచు వెంట పోనిచ్చి మెల్లగా కదపండి. సన్నమంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు చాలు. ఒకటి తీసి విరిచి చూస్తే మధ్యలో పిండి గీత తెల్లగా కనపడకూడదు. చిక్కదనం చాలకపోతే చెంచా బియ్యప్పిండిని చల్లటి పాలల్లో కలిపి పోయండి.

ఈ సమయంలో పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. పొంగే పాలు ప్రమాదం. చేతులు కడిగించి, తుడిపించి, ఇప్పుడు పుస్తకం వాళ్ళ చేతికివ్వండి. ఏమీ చెప్పక్కర్లేదు. ఇప్పుడే విన్న కథ కదా, బొమ్మలు చూసుకుంటూ పెద్దది చిన్నదానికి మళ్ళీ చెప్తుంది. తప్పులు చెప్తుంది, మధ్యలో కొత్త పాత్రలు తెస్తుంది. మీరు వంటింట్లోంచి సరిచేయకండి.

చల్లారేటప్పుడు

స్టవ్ కట్టేసి గిన్నె దింపాక వెంటనే బెల్లం వేయకండి. బెల్లంలో కొంచెం పులుపు గుణం, ఖనిజ లవణాలు ఉంటాయి. మరిగే పాలకి అవి తగిలితే విరుగుతాయి. గిన్నె అంచు చేత్తో పట్టుకోగలిగేంత వరకూ ఆగాలి, అంటే ఇరవై నిమిషాలు. ఈ లోపల బెల్లం తురుముని పావు గ్లాసు నీళ్ళలో కరిగించి, వడకట్టి పక్కన పెట్టండి. వడకట్టడం మానకండి, బెల్లంలో ఇసుక, చెరకు పీచు వస్తాయి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే బెల్లం కలపకముందే వాళ్ళకి ఒక కప్పు తీసి ఉంచండి. యాలకుల పొడి వేసిన చప్పటి తాలికలు కూడా బాగుంటాయి.

పిల్లలు ఎప్పుడెప్పుడా అని గిన్నె చుట్టూ తిరిగే ఈ ఇరవై నిమిషాలే వాళ్ళ చేత చదివించే సమయం. తెలుగు చదవడానికి తడబడే పిల్లలకి ఒక పద్ధతి ఉంది. మొదటి వారం మళ్ళీమళ్ళీ వచ్చే ఆ ఒక్క వాక్యమే వాళ్ళది, మిగతాదంతా మీరు చదవండి. రెండో వారం ఒక వాక్యం మీరు, ఒకటి వాళ్ళు. తర్వాత ఒక పేజీ. వేలు పదం కింద పెట్టి జరుపుతూ ఉండండి. ఒత్తు దగ్గర ఆగితే మూడు లెక్కపెట్టేంతసేపు ఊరుకుని, అప్పటికీ రాకపోతే మీరు అందించి ముందుకి పోండి. ప్రతి తప్పుకీ ఆపితే కథ చచ్చిపోతుంది. పక్కింటి పిల్లతో పోల్చడం అసలు వద్దు. ఒత్తులు తక్కువున్న పుస్తకంతో మొదలుపెడితే సగం కష్టం తీరుతుంది, అందుకే కొనేముందు నాలుగు పేజీలు తిప్పి చూడండి.

పాలు గోరువెచ్చగా అయ్యాక బెల్లం నీళ్ళు పోసి కలపండి. నేతిలో వేయించిన జీడిపప్పు, కొబ్బరి ముక్కలు, యాలకుల పొడి వేయండి. కోనసీమలో కొబ్బరికి కొదవ లేదు కాబట్టి చివర్లో అరగ్లాసు చిక్కటి కొబ్బరి పాలు పోసి చూడండి, రుచి పెరుగుతుంది. కొబ్బరి పాలు పోశాక మళ్ళీ పొయ్యి మీద పెట్టకూడదు. ఐదేళ్ళలోపు పిల్లల కప్పులో జీడిపప్పు, కొబ్బరి ముక్కలు వేయకుండా తాలికల్ని చిన్నగా తుంపి ఇవ్వండి.

వేరే ఆదివారాలకి

ప్రతివారం తాలికలే అంటే పెద్దవాళ్ళకీ విసుగే. కొబ్బరి లౌజు తొందరగా అయిపోతుంది. ఒక కొబ్బరికాయ తురుము, దానికి ముప్పావు వంతు బెల్లం, బాణలిలో దగ్గరపడేదాకా కలిపి, యాలకుల పొడి వేసి దింపండి. చెయ్యి కాలని వేడికి వచ్చాక పిల్లలు ఉండలు చుడతారు. పదిహేను నిమిషాల పని, ఒక చిన్న కథకి సరి. సున్నుండలు కూడా అంతే. మినప్పప్పు వేయించి పిండి పట్టి ఉంచుకుంటే నెయ్యి కరిగించి పోయడమే తరువాయి.

ఆత్రేయపురం వైపు వెళ్ళినప్పుడు పూతరేకులు చుట్టినవి కాకుండా ఉత్త రేకులు కట్టగా కొనుక్కోండి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత వాటి పేరు ఇంకా దూరం పోయింది గానీ, ఇంట్లో చుట్టుకునే ఆనందం వేరు. కాలిన కుండ మీద రేకు తీయడం ఇంట్లో పిల్లలతో అయ్యే పని కాదు, మడతపెట్టడం మాత్రం పూర్తిగా వాళ్ళదే. రెండు రేకులు పరిచి, పాలల్లో ముంచి పిండిన గుడ్డతో పైపైన అద్దితే మెత్తబడతాయి. నెయ్యి రాసి, బెల్లం పొడిగానీ పంచదార పొడిగానీ చల్లి, రెండు పక్కలా లోపలికి మడిచి చుట్టాలి. తొందరపడితే చిరుగుతుంది. ఈ పని చేస్తూ పిల్లలు మాట్లాడరు, ఊపిరి బిగబట్టి చేస్తారు. కాబట్టి ఆ రోజుకి పెద్ద కథ, నెమ్మదిగా సాగేది పెట్టుకోండి.

కొన్ని నెలల్లో వంటే అక్కర్లేదు. వేసవిలో ముంజలు, చలికాలంలో కాల్చిన తేగలు తెచ్చుకుంటే చాలు. తేగ చీల్చి లోపలి చందమామ (మధ్యలో ఉండే లేత మొలక) ఎవరికన్న తగువు తేల్చడానికి కథ మధ్యలో ఒక ప్రశ్న అడగండి, సరిగ్గా చెప్పినవాళ్ళకి చందమామ. భాద్రపదంలో తాటిపండు దొరికితే గుజ్జు తీసి రొట్టె వేసుకోవచ్చు. ఆ గుజ్జు పిండటంలో పిల్లలు మోచేతుల దాకా పసుపురంగు పూసుకుంటారు, అందుకని ఆ రోజు పుస్తకం దగ్గరికి తేకుండా నోటికొచ్చిన కథే చెప్పండి.

తాలికలు మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి. కొబ్బరి పాలు పోసినవైతే ఆ రోజే అయిపోవాలి. మామూలువి మర్నాటికి బాగా చిక్కబడతాయి. అరకప్పు కాచి చల్లార్చిన పాలు కలిపి, వేడి చేయకుండా అలాగే తినొచ్చు. బడి నుంచి వచ్చిన పిల్లలకి కప్పుతో పాటు నిన్నటి పుస్తకం కూడా బల్ల మీద పెట్టి ఉంచండి.